మడి తుండు కట్టిన పుడ్డింగు

కిందటి వారం మనం కమలాంబని వెనక వసారాలో, కిరసనాయిలు స్టౌ పక్కన, చేతిలో విసనకర్రతో వదిలేసి వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. ఇంక ఆలస్యం చెయ్యకుండా వెళదాం. దారిలో రెండు ముక్కలు చెప్పేస్తాను.

కమల విశాఖపట్నంలో హోమ్‌సైన్స్ చదువుకుంది. పెళ్ళయి నర్సీపట్నంలో అత్తవారింటికి వచ్చి నాలుగు నెలలు కాలేదు. భర్త భానుమూర్తికి బ్యాంకులో ఉద్యోగం. మామగారు రామచంద్రమూర్తిగారు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు వర్ధనమ్మగారు మంచివారే, కానీ ఆవిడ వంటిల్లు ఆవిడది. కోడలు కూరలు తరగవచ్చు, కాఫీ కలపవచ్చు. పొయ్యి మీద గిన్నె ఎక్కించి, దించి, "ఇది నేను చేశాను" అని చెప్పుకునే భాగ్యం మాత్రం ఇంకా కలగలేదు. ఈ ఆదివారం, ఏజెన్సీ నుంచి బుట్టలకొద్దీ అనాసపళ్ళు దిగాయని విని, కమల బతిమాలగా బతిమాలగా, "సరే, నీ పుడ్డింగో ఏదో కానీయ్, వసారాలో మాత్రం" అన్నారావిడ.

గిన్నెలో అంతా కలిపి, మూతికి కట్టడానికి శుభ్రమైన గుడ్డ కోసం ఇల్లంతా వెతికింది కమల. పైన, అందరికీ అందనంత ఎత్తులో కట్టిన దండెం మీద మల్లెపువ్వులాంటి తుండు ఒకటి కనిపించింది. ఇంత శుభ్రమైన గుడ్డ ఈ ఊళ్ళోనే ఉండదనుకుంది. స్టూలెక్కి లాగేసింది. అది నిన్న సాయంత్రం ఎస్. రాయవరం నుంచి దిగిన శ్యామలాంబగారి మడి తుండని, ఆ దండెం అంత ఎత్తున కట్టిందే ఎవరి చెయ్యీ తగలకూడదని, కమలకి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఆగాం.

"వర్ధనం! నా తుండేదే?"

శ్యామలాంబగారు నూతి దగ్గర స్నానం చేసి, తడిచీరతో మెట్టెక్కి, మూలనున్న గెడకర్ర చేతిలోకి తీసుకుని దండెం వైపు చూస్తున్నారు. మడిచీర ఉంది. దాని పక్కన పన్నూడినట్టు జానెడు ఖాళీ.

ఈవిడ రామచంద్రమూర్తిగారికి అక్కగారు, కమలకి వరసకి దొడ్డమ్మగారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి, చదివించి, మాస్టార్ని చేసింది ఆవిడే. భర్త పోయినప్పటి నుంచీ రాయవరంలో పొలం తనే దగ్గరుండి చేయించుకుంటారు. ఎక్కడికెళ్ళినా తన వంట తనే మడిగట్టుకుని వండుకుని, గంజి ఆ తుండుతోనే వార్చుకుని, ఒక్కపూట తింటారు. ఈ ఇంట్లో ఆవిడ ఔనన్నది ఔను, కాదన్నది కాదు.

"అక్కడే ఉండాలండీ వదినగారూ. గాలికి పడిపోయిందేమో," అన్నారు వర్ధనమ్మగారు వంటింట్లోంచి.

"పడితే కింద ఉండాలి కదా. కిందా లేదు."

నూతి దగ్గర గిన్నెలు తోముతున్న కొండలమ్మ తలెత్తింది. "కాకెత్తుకుపోనాదేటో అమ్మగోరూ. ఈ మజ్జిన సబ్బులొట్టుకుపోతన్నాయి."

"సబ్బంటే తినడానికనుకుందాం. తుండు ఏం చేసుకుంటుందే కాకి? గంజి వార్చుకుంటుందా?"

కమల పలక్కుండా ఉంటే ఆ నేరం కాకి మీదికే పోయేది. కొండలమ్మ సాక్ష్యం కూడా చెప్పేసింది. అయినా స్టౌ మీద మూత టకటక కొట్టుకుంటుంటే, దాని కింద ఆ తుండు ఉడుకుతుంటే, ఏ పాపం ఎరగని కాకిని ఎలా ఇరికిస్తుంది?

"దొడ్డమ్మగారూ, అది నా దగ్గరుందండి."

"నీ దగ్గరా? నీ దగ్గరెక్కడా?"

"స్టౌ మీదండి."

"స్టౌ మీద నా తుండు ఏం చేస్తోందే?"

"ఉడుకుతోందండి."

కొండలమ్మ కిసుక్కున నవ్వి, వెంటనే గిన్నెలోకి తల దూర్చేసింది. వర్ధనమ్మగారు పప్పుగరిటె చేత్తోనే పట్టుకుని బయటికి వచ్చారు. వీధి వసారాలో పేపరు చదువుకుంటున్న రామచంద్రమూర్తిగారు, ఆ వెనకే భానుమూర్తి, చప్పుడు చెయ్యకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

శ్యామలాంబగారు అరవలేదు. అరిచినా బాగుండును. గెడకర్రని మళ్ళీ మూల నిలబెట్టి, తమ్ముడి వైపు తిరిగి, "రామచంద్రం, మా ఊరికి రెండు గంటల బస్సు ఉన్నాదా ఇంకా?" అన్నారు.

ఆ మాటకి వర్ధనమ్మగారు హడలిపోయారు. ఈ ఇంటి ఆడపడుచు, ఇంటిని నిలబెట్టిన మనిషి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పస్తుతో బస్సెక్కడం! ఊరు సంగతి తరవాత, రామచంద్రమూర్తిగారు మళ్ళీ అన్నం ముందు కూచోగలరా? ఇంక కమల పొయ్యి సంగతంటారా, దాన్ని ఈ జన్మకి మరిచిపోవచ్చు.

"అదేటక్కయ్యా, చిన్నపిల్ల, తెలీక..."

"తెలీదని తెలుస్తూనే ఉందిరా. బియ్యే చదివిందిట కదా."

"బీయెస్సీ అత్తయ్యా," అన్నాడు భానుమూర్తి.

"నువ్వూరుకో."

భానుమూర్తి తండ్రి వెనక్కి జరిగాడు.

కమల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఏడిస్తే తప్పు ఒప్పుకోవడం అవుతుంది, పుడ్డింగు పాడైపోవడమూ అవుతుంది. ఇంకో పది నిమిషాల్లో దించకపోతే అడుగు మాడుతుంది.

"దొడ్డమ్మగారూ, మీ తుండు ముట్టుకోవడం నా తప్పేనండి. తెలీక చేశాను. క్షమించమని అడుగుతాను. కానీ ఆ గిన్నెలో ఉన్నది మాత్రం తప్పు కాదండి. అది మీరు తినాలనే చేశాను."

"ఏటి చేసేవు?"

"పళ్ళ పుడ్డింగండి. ఆవిరి మీద ఉడికించేది."

శ్యామలాంబగారు ఒక అడుగు వెనక్కి వేశారు. "పుడ్డింగా! మా ఊరి డాక్టరుగారి భార్య చెప్పింది నాకు. కోడిగుడ్లు పగలగొట్టి పోస్తారుట దాన్లో. వర్ధనం, నీ కోడలు నా మడిగుడ్డని కోడిగుడ్ల గిన్నెకి కట్టిందే!"

"కోడిగుడ్డు వెయ్యలేదండి!" కమల గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒట్టండి. చక్రకేళి పళ్ళు మెదిపి వేశానండి. గుడ్డు చేసే పని ఆ పండే చేస్తుంది."

"గుడ్డు లేకుండా అది నిలబడదని కూడా చెప్పిందే ఆవిడ?"

"మా కాలేజీలోనూ అదే అన్నారండి. అందుకే నిలబెట్టి చూపిద్దామనుకున్నాను."

ఆ మాటలో కాస్త పొగరు వినిపించే ఉంటుంది. శ్యామలాంబగారు మొదటిసారి ఆ పిల్లని ఎగాదిగా చూశారు. బుగ్గకి మసి, జడకి పిండి, కొంగు బొడ్లో దోపుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని, తలొంచుకోకుండా నిలబడి ఉంది.

ఆవిడ వసారా అరుగు మీద తడిచీరతోనే కూచున్నారు. అందరికీ అర్థమైంది: విచారణ మొదలైంది.

"పొద్దున్న స్నానం చేసేవా?"

"చేశానండి."

"చీర?"

"నిన్న నేనే ఉతికి, నేనే ఆరేసుకుని, నేనే తీసుకున్నానండి. దేవుడి గదిలో దీపం పెట్టి అప్పుడు మొదలుపెట్టాను."

"ఆహాఁ." ఆవిడకి కొంచెం నచ్చింది. పక్కనున్న వర్ధనమ్మగారికి ప్రాణం లేచొచ్చింది. ఎవరూ చెప్పకుండానే కోడలు అంత శుద్ధిగా చేసిందని ఆవిడకీ ఇప్పుడే తెలిసింది.

"స్నానం తరవాత, గిన్నె పొయ్యెక్కించేలోపు, ఎవర్నైనా ముట్టుకున్నావా?"

కమల చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది.

గుమ్మంలో భానుమూర్తి దగ్గాడు. అది మామూలు దగ్గు కాదని కొండలమ్మకి కూడా తెలిసిపోయింది.

లేదనొచ్చు. ఒక్క మాట. లేదంటే ఇవాళ్టికి గండం గడిచిపోతుంది. చూసినవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. వర్ధనమ్మగారు వదినగారి వెనక నిలబడి, "లేదను, లేదను" అని కళ్ళతోనే చెబుతున్నారు కూడా. కానీ తను మూడు గంటలపాటు ఒళ్ళొంచి చేసిన పదార్థం ఒక అబద్ధం మీద నిలబడడం కమలకి ఇష్టం లేకపోయింది. నిలబడితే సొంత కాళ్ళ మీద నిలబడాలి.

"నేను ముట్టుకోలేదండి," అంది మెల్లగా. "నన్ను ముట్టుకున్నారండి."

"ఎవరూ?"

"మీ మేనల్లుడుగారు."

కొండలమ్మ చేతిలో గిన్నె జారి నూతి గట్టు మీద ఠంగున పడింది.

"ఎందుకు ముట్టుకున్నాడూ?"

"బుగ్గ మీద పిండి అంటిందని తుడిచారండి."

"నిజంగా అంటిందా పిండి?"

"తెలీదండి. అద్దం చూసుకోలేదు."

శ్యామలాంబగారు మేనల్లుడి వైపు తిరిగారు. "ఒరే భానూ. ఉందా పిండి?"

భానుమూర్తి చెవులు తాంబూలం వేసుకున్న నోటిలా ఎర్రబడ్డాయి. పెళ్ళాం అంత నిజం చెప్పాక తను అబద్ధం ఆడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

"లేదత్తయ్యా," అన్నాడు.

రామచంద్రమూర్తిగారు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు కదులుతోంది. వర్ధనమ్మగారు తలకాయ పట్టుకున్నారు. కొండలమ్మయితే, "బాబోయ్" అని గిన్నెలు అక్కడే వదిలేసి నూతి వెనక్కి వెళ్ళి మరీ నవ్వింది.

శ్యామలాంబగారు నవ్వలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని ముందుకు వంగారు. "సరే," అన్నారు. "మడి పోయింది. అది వేరే సంగతి. కానీ వర్ధనం, ఈ మాట చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోతూ కూడా చెప్పింది చూసేవా. కోడిగుడ్డు వేసుంటే అదీ చెప్పును. వెయ్యలేదంటే వెయ్యలేదన్నమాటే."

కమలకి ఒళ్ళంతా తేలికైపోయింది. కానీ ఆవిడ అప్పుడే లేచి నిలబడ్డారు. "కోడిగుడ్డు లేకపోయినా మడివంట కాదు కదా. నేనెలా తింటాను? నువ్వు బాధపడకమ్మా. నీ మీద కోపం లేదు. బస్సు టైమవుతోంది."

ఇది ఇంకా కష్టం. కోపమైతే బతిమాలుకోవచ్చు. కోపం లేని మనిషిని ఏమని బతిమాలడం?

అప్పుడు వర్ధనమ్మగారు పప్పుగరిటె గూట్లో పెట్టి, కొంగు నిండుగా కప్పుకుని ముందుకు వచ్చారు. ఇన్నేళ్ళ కాపురంలో వదినగారికి ఎదురు మాట చెప్పి ఎరగరావిడ.

"వదినగారూ, పాలతో తడిపినదానికి మడి అక్కర్లేదని నాకు నేర్పింది మీరే. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, బలిఘట్టం తీసుకెళ్ళినప్పుడు, పాలతో కలిపిన పూరీలు కట్టించేరు నా చేత. బస్సులో పదిమందిలో కూచుని తిన్నారు మీరు."

"తిన్నాను. అయితే?"

"నా కోడలు ఇందులో చుక్క నీళ్ళు పొయ్యలేదండి. పిండి కలుపుతున్నంతసేపూ నేను తలుపు చాటునించి చూస్తూనే ఉన్నాను."

కమల చటుక్కున అత్తగారి వైపు తిరిగింది. ఆ "నా కోడలు" అన్న మాట చెవిలో పడి అక్కడే తిరుగుతోంది. ఈ నాలుగు నెలల్లో "మా అబ్బాయి భార్య" అనో, "ఆ పిల్ల" అనో విన్నదే తప్ప ఇలా వినలేదు. తలుపు చాటునించి చూశారా! తప్పు పట్టడానికి కాదన్నమాట.

శ్యామలాంబగారు మళ్ళీ కూచున్నారు. "బెల్లం దేంతో కరిగించేవు?"

"అనాసపండు రసంతోనండి," కమల గబగబా అందుకుంది. "పచ్చి అనాస పాలల్లో వేస్తే విరిగిపోతాయండి. అందుకని ముక్కలు కోసి, గొలుగొండ బెల్లంతో దగ్గరపడేదాకా ఉడికించి, చల్లార్చి అప్పుడు కలిపాను. గోధుమపిండి, వేయించిన రవ్వ పాలతో కలిపాను. వెన్న, యాలకులు, కిస్‌మిస్, జీడిపప్పు. అంతేనండి. ఉప్పు కూడా వెయ్యలేదు. నీళ్ళన్నీ కింద పెద్దగిన్నెలో ఉన్నాయి. మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా కారి లోపల పడకూడదనే పైన గుడ్డ కట్టాను. అదీ నీళ్ళతో తడపకుండా నెయ్యి రాసి కట్టానండి."

"నా తుండుకి నెయ్యి రాసేవా?"

"రాశానండి."

"ఊఁ." ఆ బాధని ఆవిడ అప్పటికి పక్కన పెట్టారు. "అయితే నీళ్ళు తగల్లేదు. ఆవిరి తగిలింది. ఆవిరి నీళ్ళా, కాదా? అదీ తేలాలి."

ఇన్నాళ్ళూ పాఠం చెప్పే అవకాశం లేక మొహం వాచిపోయిన రామచంద్రమూర్తిగారు పేపరు దించారు. "నీళ్ళేనక్కయ్యా. మరిగితే ఆవిరి, చల్లారితే నీళ్ళు. పదార్థం ఒకటే, స్థితి మారుతుంది. ఎనిమిదో తరగతి వాళ్ళకి..."

"మిమ్మల్నెవరడిగేరండీ?" అన్నారు వర్ధనమ్మగారు.

"సైన్సు కదే..."

"సైన్సు స్కూల్లో చెప్పుకోండి."

"రిటైరయ్యేను కదే!"

శ్యామలాంబగారు చెయ్యెత్తారు.

"రామచంద్రం, ఒకటడుగుతాను చెప్పు. కార్తీకమాసంలో తెల్లారగట్ల వరాహ నదికి వెళ్తాం. నీళ్ళ మీంచి మంచు పొగలా లేచి ఒళ్ళంతా కమ్ముతుంది. జుట్టు తడుస్తుంది, చీర తడుస్తుంది. అది నది ఆవిరే కదా?"

"నది ఆవిరే."

"మరి గట్టు మీద నించుని ఆ ఆవిరి తగిలించుకుని, స్నానం అయిపోయిందని ఇంటికొచ్చేస్తే ఒప్పుకుంటావా?"

"ఎలా ఒప్పుకుంటానక్కయ్యా? ములగాలి కదా."

"ములగాలి కదా! పుణ్యానికి పనికిరాని ఆవిరి, అంటు అంటించడానికి మాత్రం పనికొస్తుందా? ఆవిరి నీళ్ళు కాదు. తేలిపోయింది. కొండలమ్మా, ఆ గెడకర్ర అందియ్యకు, నువ్వు ముట్టుకున్నావంటే మళ్ళీ స్నానం చెయ్యాలి, నేనే తీసుకుంటాను. పొడిచీర కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వస్తాను. బేగి దించు దాన్ని. మాడిపోతే ఊరుకోను."

ఆవిడ అటు వెళ్ళగానే వసారాలో అందరికీ ఒకేసారి కాళ్ళూ చేతులూ వచ్చాయి. కమల స్టౌ ఆర్పింది. భానుమూర్తి అరిటాకు తేబోతే, "నువ్వేం ముట్టుకోకు, చాలు నువ్వు ముట్టుకున్నది," అన్నారు తల్లి. మాస్టారు పేపరు వెనక మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు.

కమల ముడి విప్పింది. తుండు పైవైపు తడిసి చెమ్మగా ఉంది. లోపలివైపు నెయ్యి నిగనిగలే తప్ప చుక్క నీరు దిగలేదు. వర్ధనమ్మగారు దాన్ని వేలితో తడిమి చూసి, కోడలి భుజం మీద అదే వేలితో ఒక్కసారి తట్టారు.

ఇంక అసలు ఘట్టం. గిన్నె మీద అరిటాకు పరిచి, దాని మీద పళ్ళెం పెట్టి, బోర్లించింది. గిన్నె కొంచెం ఎత్తింది. పుడ్డింగు తేలిగ్గా జారి వస్తుందేమోనని చూసింది. రాలేదు. కాలేజీలో ఇలాంటప్పుడు కత్తితో చుట్టూ కోసేవారు. కోస్తే అంచులు చిరిగిపోతాయి. చిరిగిన పుడ్డింగుని దొడ్డమ్మగారి ముందు పెట్టాలా?

"ఆగవే," అన్నారు వర్ధనమ్మగారు. "వేడిమీద ఏదీ మాట వినదు. చల్లటి గుడ్డ వేద్దాం నెత్తిన." తడిబట్ట మడిచి గిన్నె అడుగున వేశారు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ గిన్నె ముందు గొంతుక్కూచుని, పురిటి గది ముందు కూచున్నట్టు కూచున్నారు. లోపల ఏదో చిన్నగా 'తుప్'మంది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కమల రెండు చేతులా గిన్నె పైకి లేపింది.

నిలబడింది!

కోడిగుడ్డు లేకుండా, బేకరీ రొట్టెముక్క లేకుండా, అరిటాకు మీద ఠీవిగా నిలబడింది. తేనెరంగు ఒళ్ళు. అక్కడక్కడ ఉబ్బిన కిస్‌మిస్‌లు. నెత్తిన చుట్టూ పేర్చిన అనాస ముక్కలు బెల్లంలో మగ్గి బంగారు కాసుల్లా మెరుస్తున్నాయి. వేలు తగిలిస్తే చిన్నగా ఊగి, మళ్ళీ నిటారుగా సర్దుకుంటోంది. యాలకుల వాసన, అనాస వాసన, వెన్న వాసన కలిసి వసారా దాటి పెరట్లోకి వెళ్ళాయి.

"ఓలమ్మో! ఏటమ్మా ఇది, ఒణికిపోతంది గానీ పడిపోదు!" అంది కొండలమ్మ.

కమల మెడ దానంతట అదే కాస్త ఎత్తుగా లేచింది. పరీక్షలో ఫస్టుక్లాసు వచ్చిన రోజున కూడా ఇంత ఎత్తుకి లేవలేదు.

శ్యామలాంబగారు మడిచీర కట్టుకుని వచ్చి, పీట మీద కూచుని, ఆకు ముందుకు లాక్కున్నారు. వర్ధనమ్మగారు కోస్తానన్నా వినకుండా, "చేసినపిల్లనే పెట్టనీ," అన్నారు. కమల కోసింది. ముక్క విరగలేదు, చిదగలేదు, ఇటుకలా నిలిచి వచ్చింది.

ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. రెండో ముద్ద. మూడోది. ఆకు ఖాళీ అయింది. ఆవిడ కళ్ళు తెరిచి కమలని చూశారు.

"నీ పేరేటన్నావే?"

"కమలాంబండి."

"కమలాంబా, ఇంకో ముక్క వెయ్యి."

వర్ధనమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొగ అన్నారు. స్టౌ ఆరి చాలాసేపయింది.

రెండో ముక్క తింటూనే ఆవిడ తమ్ముడితో అన్నారు. "రామచంద్రం, పైవారం నా మనవరాలి పెళ్ళి కదా. మగపెళ్ళివారు రాజమండ్రి వాళ్ళు. మీవైపు పెళ్ళిళ్ళలో పొద్దున్నే ఉప్మా తప్ప ఏం పెడతారులెండి అని నవ్వి వెళ్ళేరు మొన్న. అప్పటినుంచీ నాకు నిద్దర్లేదు. ఇప్పుడు పడుతుంది. ఈ పిల్లని రేపు పొద్దున్న బస్సులో నాతో తీసుకెళ్తున్నాను. ఇదే పెడుతుంది వాళ్ళకి, విడిదిలో, అరిటాకుల్లో. ఏమే, వస్తావా?"

"వస్తానండీ!" అనేసింది కమల. అత్తగారినీ అడగలేదు, భర్త వైపూ చూడలేదు. నోరు దానంతట అదే అనేసింది.

"ఎన్నాళ్ళత్తయ్యా?" భానుమూర్తి గొంతు నీరసంగా వచ్చింది.

"పెళ్ళయి, పదహార్రోజుల పండగయి, అప్పుడు."

"అప్పటికి ఆషాఢం వచ్చేస్తుంది కదత్తయ్యా! అటునించటే పుట్టింటికి పంపించాలి."

"అయితే బుగ్గలు శుభ్రంగా ఉంటాయి," అన్నారావిడ.

అందరూ నవ్వారు. కమల కూడా నవ్వి, నవ్వుతూనే గిన్నె వైపు చూసుకుంది. ఆరుగురికి సరిపడే గిన్నె. విడిదిలో ఎంతమంది ఉంటారో అడగడం మరిచిపోయింది. గంగాళంతో చేస్తే ఆవిరి మధ్యదాకా వెళుతుందా? అంత పెద్దది బోర్లించేదెవరు? ఆ ఆలోచన పూర్తి కాలేదు.

వీధి తలుపు గడియ చప్పుడైంది. "అమ్మా, శ్యామలాంబమ్మా! సామాను పట్టీ రాసుకుందాం రమ్మన్నారు, వచ్చేను," అంటూ గొడుగు ముడుచుకుని, నిలువెత్తు మనిషి లోపలికి వచ్చారు.

వర్ధనమ్మగారు గబుక్కున లేచి నిలబడ్డారు. యాజులుగారు! చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో ఆయన గాడిపొయ్యి వెలగనిదే పెళ్ళివంట జరగదు. ఆ పొయ్యికి పది అడుగుల దూరంలోకి ఆడమనిషిని రానివ్వరు. ఎవరో పెళ్ళికూతురి తల్లి ఉప్పు చూస్తానందని, మరుగుతున్న సాంబారు వదిలేసి వెళ్ళిపోయిన మనిషి.

ఆయన కళ్ళు నేరుగా అరిటాకు మీద పడ్డాయి. వంగి, వాసన చూసి, తల అడ్డంగా ఊపారు.

"ఎవరమ్మా ఈ హల్వా చేసింది? పాకం తెలీని చెయ్యిలా ఉంది. బిగుసుకుపోయింది."

వసారా అంతా కమల వైపు చూసింది. తలొంచుకుని ఊరుకుంటుందేమోనని భానుమూర్తి ఒక్క క్షణం భయపడ్డాడు, ఊరుకోదేమోనని ఆ వెంటనే ఇంకా ఎక్కువ భయపడ్డాడు.

"హల్వా కాదండి, పుడ్డింగు," అంది కమల, పళ్ళెం రెండు చేతులా ఎత్తి పట్టుకుని. "బిగుసుకోలేదండి, నిలబడింది. పైవారం రాయవరంలో మీ పొయ్యి మీద నేను చెయ్యబోయేది ఇదే."

యాజులుగారు గొడుగు గోడకి ఆనించారు. ఆ మాట అన్న మనిషి అక్కడ లేనే లేనట్టు, భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకుని, శ్యామలాంబగారి ముందుకు వచ్చి నిలబడ్డారు.

"అలాగా తల్లీ," అన్నారు మెత్తగా. "మరి పెళ్ళివంట తాంబూలం నాకిస్తారా, ఈ అమ్మాయికిస్తారా? తేల్చి చెప్పండి. ఒక పొయ్యికి ఇద్దరుండరు."